ఎనభై ఏడో రాత్రి

డ్రైవరుగారు ముక్కుకు మూత తగిలించుకుని పడుకోవడం మొదలుపెట్టి ఎనభై ఆరు రాత్రులైంది. ఇంకో నాలుగు గడిస్తే తొంభై. తొంభై నిండితే డిపో డాక్టరు కాగితం మీద సంతకం పెడతాడు, ఆయన మళ్ళీ బస్సెక్కి స్టీరింగు పట్టుకుంటాడు. మధ్యలో ఒక్క రాత్రి తప్పినా లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలు. ఈ సంగతి ఇంట్లో వాళ్ళకే కాదు, వీధిలో సగం మందికి తెలుసు. కూరగాయల బండి దగ్గర కూడా "ఎంతవరకు వచ్చిందండీ?" అని అడుగుతారు.

అసలు ఆయన జబ్బు బయటపడింది ఒక సిగ్నల్ దగ్గర. ఎర్రలైటు పడితే బస్సు ఆపి ఒక్క రెప్ప వాల్చాడు. వాల్చిన రెప్ప కాస్తా నిద్రయి కూర్చుంది. బ్రేకు మీద కాలు సడలింది. బస్సు మెల్లిగా ముందుకు పాకి, ఎదురుగా ఆగి ఉన్న పాలవ్యానుకు వెళ్ళి ఆనుకుంది. అదృష్టం బాగుండి ఎవరికీ ఏమీ కాలేదు, రెండు పాలక్యాన్లు దొర్లాయంతే. కానీ ఇరవై ఆరేళ్ళ సర్వీసులో మచ్చ లేని మనిషిని బస్సు దింపి, డిపోలో ఎంక్వయిరీ కిటికీ వెనక కూర్చోబెట్టారు. పరీక్షలు చేస్తే, నిద్రలో గొంతు మూసుకుపోయి గంటకు నలభై సార్లు ఆయనకు ఊపిరి ఆగుతోందని తేలింది. రాత్రంతా పడుకునే ఉంటాడు, కానీ నిద్రపోయినట్టు కాదు.

ఈ నలభై సంగతి డాక్టర్లకంటే ముందు ఆయన భార్యకు తెలుసు. ఆమె ఏళ్ళ తరబడి ఆ గురక వింటూ, అది ఠక్కున ఆగినప్పుడల్లా మనసులో ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటూ, పది దాటగానే మోచేత్తో పొడుస్తూ వచ్చింది. దానికో జబ్బు పేరుందని మాత్రం తెలియదు.

ఇప్పుడా పొడిచే పని మిషను చేస్తోంది. రొట్టె డబ్బా అంత ఉంటుంది. దానికో గొట్టం, గొట్టం చివర ముక్కుకు మూత. రాత్రంతా గాలిని నెడుతూ గొంతు మూసుకుపోకుండా చూస్తుంది. ఎన్ని గంటలు పెట్టుకున్నదీ, ఎన్నిసార్లు ఊపిరి ఆగిందీ తనలో తనే రాసుకుని డాక్టరుకు చేరవేస్తుంది. దాని రోజు మధ్యాహ్నం పన్నెండుకు మొదలై మర్నాడు పన్నెండుకు ముగుస్తుంది. ఆ లోపల నాలుగు గంటలైనా వాడితేనే ఆ రాత్రి లెక్కలోకి వస్తుంది.

ఆ పెట్టె ఇంటికొచ్చిన కొత్తలో ఆమెకు మనసు ఒప్పలేదు. ఊపిరి అనేది దేవుడు లోపల కూర్చుని చేయించే పని అని ఇన్నాళ్ళూ నమ్మింది. మరి ఆ దేవుడు నలభై సార్లు ఎందుకు మర్చిపోతున్నట్టు? దానికి పెట్టె కావలసి వచ్చిందంటే తప్పెవరిది? అయినా, వారం తిరిగేసరికి భర్త పొద్దున్నే కళ్ళు తేటగా లేచి కూనిరాగం తీయడం చూసి, పోనీ ఇది కూడా దేవుడు పంపిందే అనుకుంది. రోజూ సాయంత్రం దేవుడి అరలో దీపం వెలిగించి, అదే చేత్తో మిషను కింద ఉండే తొట్టిలో నీళ్ళు పోసేది. గాలికి తడి అందడానికి ఆ నీళ్ళు. దీపం, తొట్టి, రెండూ ఒకే పని కింద ఆమె చేతికి అలవాటైపోయాయి.

సరిగ్గా లెక్క తొంభైకి దగ్గర పడ్డప్పుడే ఆయన పెద్దక్కకు పిత్తాశయం ఆపరేషను నిశ్చయమైంది. ఆవిడ ఉండేది దేశానికి ఆ చివర, మధ్యలో ఆగి వెళ్ళే విమానంలో రాత్రంతా ప్రయాణం. "లోపలికి తీసుకెళ్ళే ముందు వాణ్ణి ఒకసారి చూడాలి" అని ఆవిడ ఫోనులో అంది. తల్లి పోయాక ఆయన్ను పెంచింది ఆవిడే. వెళ్ళకుండా ఎలా ఉంటాడు?

డ్రైవరు కాబట్టి బండి కదిలే ముందు అన్నీ సరిచూసుకోవడం ఆయనకు పుట్టుకతో వచ్చినట్టుంటుంది. రెండు రోజుల ముందే విమానం కంపెనీకి ఫోను చేసి, మిషను పెట్టుకోవచ్చని మాట తీసుకున్నాడు. సీటు దగ్గర ప్లగ్గు ఉందా, దాని కరెంటు దీనికి సరిపోతుందా అని మోడల్ నంబరు చెప్పి మరీ అడిగాడు. డాక్టరు చేత చీటీ రాయించాడు. ప్రయాణం రోజు పొద్దున తొట్టి ఖాళీ చేసి, గుడ్డతో తుడిచి, ఆరబెట్టి సర్దాడు. "ప్రయాణంలో నీళ్ళు ఉండకూడదు. ఒలికాయంటే లోపల మోటారు ఖతం" అని ఇంట్లో గోడలకు కూడా వినిపించేలా చెప్పాడు.

ఆమె వింది. వినలేదని ఎవరూ అనలేరు. కానీ సాయంత్రం బయల్దేరే హడావిడిలో, కారు వచ్చి హారను కొడుతుంటే, గబగబా దీపం వెలిగించి దణ్ణం పెట్టుకుంది. ఆ చెయ్యి ఆగలేదు. సంచీ జిప్పు తీసి, తొట్టి లాగి, గీత దాకా నీళ్ళు పోసి, మళ్ళీ జిప్పు వేసింది. ఆ క్షణంలో ఆమె మనసు గ్యాసు కట్టేశానా లేదా అన్న దాని మీద ఉంది.

విమానాశ్రయంలో కౌంటరు దగ్గర అమ్మాయి మర్యాదగానే, "ఇది మూడో సంచీ అవుతుందండీ" అంది. డ్రైవరు చీటీ చూపించాడు. "వైద్య పరికరమా, అయితే లెక్కలోకి రాదు లెండి" అంది ఆ అమ్మాయి. ఆయన భార్య వంక చూసి కళ్ళెగరేశాడు, చూశావా అన్నట్టు.

తనిఖీ దగ్గర ఆడవాళ్ళ వరుస తొందరగా కదిలింది. ఆయన ఇంకా అవతల బెల్టు విప్పుతూ ఉండగానే ఆమె ఇవతలికి వచ్చేసింది. మిషను విడిగా ట్రేలో పెట్టాలని నెరిసిన మీసాల ఉద్యోగి సంచీ తెరిచి దాన్ని పైకెత్తాడు. అడుగు నుంచి సన్నటి ధార కారింది. తొట్టి లాగి చూస్తే సగమే ఉంది. మిగతా సగం కారు డిక్కీలో సంచీ అడ్డంగా పడుకున్నప్పుడే మిషను లోపలికి చేరిపోయింది. ఆ ఉద్యోగి తొట్టిని బకెట్లో వంచేసి, మిషనును తిరగేసి దులిపాడు. అప్పుడే డ్రైవరు బెల్టు బిగించుకుంటూ వచ్చాడు. కనిపించిందల్లా పరాయివాడి చేతుల్లో తలకిందులుగా, చుక్కలు రాలుస్తున్న తన మిషను.

"ఏం చేశారండీ దీన్ని?"

"మేమేం చెయ్యలేదండీ. లోపల నీళ్ళున్నాయి."

"నీళ్ళెక్కణ్ణుంచి వస్తాయి? పొద్దున నా చేత్తో తుడిచి పెట్టాను. ఏ చేత్తో పట్టుకున్నారో, దేంట్లో ముంచారో."

"అయ్యా, ఇక్కడ ముంచడానికి ఏముంది?"

"ఇరవై ఆరేళ్ళు బండి నడిపినవాణ్ణి. ఖాళీ ట్యాంకేదో నిండు ట్యాంకేదో నాకు మీరు చెప్పాలా?"

వెనక వరుస పెరిగింది. ఆ పెద్దమనిషి జేబురుమాలు తీసి మిషను తుడిచి ఇచ్చాడు. ఆమె నోరు తెరవబోయింది. తెరిచి, చెప్పులు వేసుకోవడం మొదలుపెట్టింది. చెప్పు పట్టీ రెండుసార్లు జారిపోయింది.

విమానంలో దీపాలు తగ్గించాక ఆయన ప్లగ్గు పెట్టాడు. గొట్టంలో ఏదో గుటకలు వేసిన చప్పుడైంది. తెర మీద ఎర్ర గుర్తొకటి వెలిగి ఆరింది. పక్క నుంచి వెళ్తున్న విమానం ఉద్యోగిని వంగి చూసి, "తడిసిందాండీ? అయితే ఆన్ చెయ్యకండి. ఆరితే మామూలుగా ఉండచ్చు" అని పేపరు రుమాళ్ళు కట్టగా తెచ్చిచ్చింది. ఇద్దరూ కలిసి చిన్నపిల్లాడికి చెవులు తుడిచినట్టు దాని సందులన్నీ తుడిచి, మూత తీసి ముందు బల్ల మీద ఆరబెట్టారు.

"ఎనభై ఏడో రాత్రి. ఈ ఒక్కటీ..." అన్నాడాయన, మిగతాది మింగేసి.

ఆమె ఇంక ఆగలేకపోయింది. "నీళ్ళు నేనే పోశానండీ."

ఆయన తల తిప్పి చూశాడు.

"దీపం పెట్టి, అదే చేత్తో. తెలిసి కాదు."

తడి రుమాళ్ళను ఒక్కొక్కటే మడిచి సీటు జేబులో పెట్టాడు. తిడితే బాగుండునని ఆమెకు అనిపించింది. చివరికి ఆయన, "పాపం, ఆ మీసాలాయన్ని అనరాని మాటలన్నాను. జేబురుమాలు కూడా పాడు చేసుకున్నాడు" అన్నాడు. అంతే. ఆ మాటకు ఆమెకు ఏడుపొచ్చింది.

"నేను నిద్రపోను. పోతే ఈ వరుసలో వాళ్ళందరూ లేచి కూర్చుంటారు" అన్నాడు. పోనని అన్నవాడు రెండు గంటలకల్లా తల వాల్చాడు. గురక రెండడుగులు వేసి ఠక్కున ఆగింది. ఒకటి, రెండు, మూడు. ఆమె ఎనభై ఆరు రాత్రులుగా మర్చిపోయిన లెక్క. పది దాటింది, పొడవలేదు, అలసిపోయాడు కదా, ఊపిరి తనే తీసుకుంటాడేమోనని. పదిహేను. ఇరవై. ఇరవై రెండుకు ఆమె చెయ్యి దానంతటదే లేచి ఆయన డొక్కలో పొడిచింది. ఆయన నీళ్ళలోంచి పైకి తేలినవాడిలా గాలి పీల్చాడు. ముందు సీటాయన వెనక్కి తిరిగి చూశాడు. ఆ తర్వాత తెల్లారేదాకా ఆమె ఆయన్ను మళ్ళీ నిద్రపోనివ్వలేదు, తనూ పోలేదు.

దిగేసరికి పెద్దక్క భర్త కారుతో సిద్ధంగా ఉన్నాడు. అచ్చాఫీసు నడుపుతాడు కాబట్టి అందరూ ప్రెస్సు బావ అంటారు. సంగతంతా విని పకపక నవ్వాడు.

"ఓస్, ఇంతేనా బామ్మర్దీ? మధ్యాహ్నం పన్నెండు దాకా టైముందన్నావుగా. ఇంటికెళ్ళేసరికి ఏడున్నర. నాలుగు గంటలు పడుకో, సరిపోతుంది."

"అక్కను లోపలికి తీసుకెళ్ళేది తొమ్మిదింటికి కదా బావా?"

ప్రెస్సు బావ కొంచెం తగ్గాడు. "అవుననుకో. నీకోసం నిన్నటి నుంచీ తలుపు వంకే చూస్తోంది." వెంటనే మళ్ళీ హుషారు తెచ్చుకుని, "పోనీ ఆ డిప్ప నాకు తగిలించు. మిషనుకేం తెలుసు, అది నీ ముక్కో నా ముక్కో" అన్నాడు.

"నీ ముక్కు బస్సు నడపదు బావా" అన్నాడు డ్రైవరు. నవ్వుతూనే అన్నాడు గానీ, బావ మళ్ళీ ఆ ఊసెత్తకుండా గేరు మార్చాడు.

ఇల్లు చేరగానే ఆయన మొహం కడుక్కుని, మిషను ఒకసారి ఆన్ చేసి చూశాడు. తడి ఆరిపోయింది. ఎప్పటిలా సన్నగా ఊదింది. దాని వంక ఒక్క నిమిషం చూసి, ఆపేసి, బావతో ఆసుపత్రికి వెళ్ళిపోయాడు. ఆమె స్నానం, పూజ ముగించి, అందరికీ వంట చేసి మధ్యాహ్నం రావాలని ఏర్పాటు.

ఇంట్లో ఆమె ఒక్కతే. గోడ గడియారం ఎనిమిదికి ఇరవై తక్కువ చూపిస్తోంది. మంచం మీద మిషను, పక్కన గొట్టం. మిషనుకేం తెలుసు అన్న మాట చెవిలో జోరీగలా తిరుగుతోంది. ఆమె లెక్క వేసింది. ఇప్పుడు మొదలుపెడితే పన్నెండుకు నాలుగు గంటల ఇరవై నిమిషాలు. తప్పు తనది. ఆ తప్పుకు మూడు నెలలు ఆయనెందుకు మళ్ళీ కిటికీ వెనక కూర్చోవాలి? స్వామీ, నేను అబద్ధం చెప్పడం లేదు, పడుకుంటున్నానంతే అనుకుంది. అనుకున్నాక ఆ మాట ఆమెకే రుచించలేదు. అయినా పట్టీలు తలకు బిగించింది.

బటను నొక్కగానే గాలి ముక్కులోకి దూసుకొచ్చింది. కదులుతున్న బస్సు కిటికీలోంచి తల బయటపెట్టినట్టుంది. భయపడి భగవన్నామం తలుచుకోబోయి నోరు తెరిచింది. తెరిచిన నోట్లోంచి గాలి బుస్సున బయటికి తన్నింది, నామం గాలికి కొట్టుకుపోయింది. నోరు మూసుకుంటే తప్ప ఊపిరి కుదరదని తెలిసొచ్చింది. మంచం ఎక్కాక కూడా గంటసేపు డిపో కబుర్లు చెప్పే మనిషి, ఈ మూడు నెలలుగా పక్కెక్కగానే మూగవాడైపోవడం ఆమెకు లోలోపల కష్టంగానే ఉండేది. నా మీద విసుగేమో అనుకునేది కూడా. ఇదన్నమాట. పట్టీ చెవి వెనక కోస్తోంది. రోజూ పొద్దున ఆయన చెవి వెనక ఎర్రగా కనిపించేది, దోమ కుట్టిందనేవాడు. ఆమె నోరు మూసుకుని మనసులోనే నామం చెప్పుకుంది. రాత్రంతా నిద్ర లేని ఒళ్ళు. పదోసారి దాకా గుర్తుంది.

కళ్ళు తెరిచేసరికి భర్త ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉన్నాడు. గడియారం పన్నెండున్నర దాటింది. ఆమె గబుక్కున మూత లాగేసి లేచి కూర్చుంది.

"వదినగారు?"

"బాగుంది. అయిపోయింది. లోపలికి వెళ్ళే ముందు చెవి మెలేసి, చిక్కిపోయావేంరా అంది." ఆయన గొంతు మెత్తగా ఉంది. "ఎంతసేపైందో నేనొచ్చి. నిన్ను లేపబుద్ధి కాలేదు. నేనూ ఇలాగే ఉంటానా, ఏనుగు తొండంలా?"

ఆయన వంగి మిషను తెర చూశాడు. నాలుగు గంటల ఇరవై నిమిషాలు. ఊపిరి ఆగినవి, సున్నా. ఆ పక్కనే చిన్న పచ్చ గుర్తు.

"సున్నా" అన్నాడు. "నాకెప్పుడూ రెండు కంటే తగ్గలేదు."

కోప్పడతాడని, బావను అన్నట్టే ఒక్క మాటతో తేల్చేస్తాడని ఆమె అనుకుంది. ఆయన తేల్చలేదు. పచ్చ గుర్తు మీద వేలు ఆనించి అలాగే ఉంచాడు. ఆ ముఖంలో ఆశ ఆమెకు కనిపించింది.

"పోనీలే" అన్నాడు మెల్లిగా. "చెయ్యమని నేను చెప్పలేదు. అయిందేదో అయింది. ఒక్క రాత్రే కదా."

"ఒక్క రెప్పే కదా అనే వాల్చారు, పాలవ్యాను వెనక."

ఆయన వేలు తీసేశాడు.

"రాత్రి విమానంలో ఇరవై రెండు దాకా లెక్కపెట్టాను" అంది ఆమె. "మిషను లేకపోతే మీరు ఎప్పటి మీరే. నిన్న రాత్రి అది లేదు. లేదని డాక్టరుకు తెలియాలి."

"తెలిస్తే మళ్ళీ ఒకటి నుంచి. నీకు తెలుసు కదా, ఆ కిటికీ దగ్గర నన్నెవరూ డ్రైవరుగారూ అనరు. ఎంక్వయిరీ అంటారు. ఇదిగో ఎంక్వయిరీ, తొమ్మిదింటి బస్సు వెళ్ళిందా అంటారు."

ఆ మాట ఆయన ఎప్పుడూ ఇంట్లో చెప్పలేదు. ఆమె చేతిలోని మూతను గొట్టంతో సహా మంచం మీద పెట్టింది. తర్వాత, "సాయంత్రం దీపం పెట్టుకోవాలి నేను. ఏ ముఖంతో పెట్టను?" అంది.

"దేవుడికి ఈ నాలుగు గంటల లెక్కలు పడతాయటే, పిచ్చిదానా?"

"ఆయనకు పట్టకపోవచ్చు. నాకు పట్టాయి."

ఆయన ఫోను తీసి ఆమె చేతిలో పెట్టాడు. తను మాట్లాడలేనని అర్థం. ఆమే నంబరు నొక్కింది.

"డాక్టరుగారూ, నేను డ్రైవరుగారి భార్యనండి."

"చెప్పండమ్మా. నిన్నటి రికార్డు ఇప్పుడే చూశాను. చాలా బాగుంది, సున్నా వచ్చింది."

"ఆ సున్నా నాదండి."

అవతల కుర్చీ కిర్రుమన్న చప్పుడు. ఆమె తొట్టిలో నీళ్ళు పోయడం దగ్గర్నుంచి పట్టీలు బిగించుకోవడం దాకా అంతా చెప్పింది. తడబడలేదు, సాకులు కలపలేదు.

"ఈ మాట చెప్పకపోతే నాకు ఎప్పటికీ తెలిసేది కాదమ్మా" అన్నాడు డాక్టరు చివరికి.

"అందుకే చెప్పానండి."

"ఇప్పుడు తెలిశాక నేను ఉంచలేను. నా చేతిలో లేదు. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాలి."

"తెలుసండి."

"ఆయనకు రాత్రంతా నిద్ర లేదన్నారు కదూ? ముందు పడుకోమనండి. నేను కోప్పడలేదని చెప్పండి."

ఫోను పెట్టేశాక ఆమె భర్త ముఖం వంక చూడలేకపోయింది. ఆయన కిటికీ దగ్గరికి వెళ్ళి వీధి వంక చూస్తూ నిలబడ్డాడు. కింద ఏదో బస్సు మలుపు తిరుగుతోంది. అది తిరిగి కనుమరుగయ్యేదాకా చూసి, వెనక్కి తిరిగాడు.

"బాగుందే నీ వరస. నీళ్ళు పోసిందీ నువ్వే, నిద్రపోయిందీ నువ్వే, చాడీ చెప్పిందీ నువ్వే. మధ్యలో నేనెవర్ని, ఎంక్వయిరీనా?"

ఆమెకు నవ్వొచ్చింది, నవ్వుతోపాటు కళ్ళు కారాయి. "కోపంగా ఉందా?"

"ఉంది. పడుకుని లేచాక చూద్దాం, ఎంత మిగులుతుందో."

ఆమె మూతను తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టింది. ఆయన మంచమెక్కాక పట్టీలు తనే తగిలించింది. చెవి వెనక కోసే చోట మెత్తటి గుడ్డముక్క మడిచి పెట్టి, బిగువు ఒక మెట్టు సడలించింది. ఆయన చెవి దగ్గర ఒకసారి తడుముకున్నాడు. బటను నొక్కాడు. గాలి సన్నగా ఊదడం మొదలుపెట్టింది. ఇంకేదో చెప్పాలనిపించి నోరు తెరవబోయి, బుస్సుమనేసరికి మూసేసుకుని, చూపుడు వేలొకటి పైకెత్తి చూపించాడు.

"తెలిసింది లెండి. ఒకటి" అంది ఆమె. "పడుకోండి, డ్రైవరుగారూ."